చిన్నవ్వ పల్లికాయ ఒలిచిన మూడొద్దులు

ఏ ఫోటో? అలమరల ఉన్నదా? తియ్యి, ఏం కాదు. జర అద్దం తుడిచి చూడు. గదే మీ చిన్నవ్వ, నా చెల్లె దీవెనమ్మ. నువ్వు గూడ సైకాలజీ చదువుతనంటే మీ నాయిన నన్ను అడుగుమన్నడా? నన్నేమడుగుతవ్ గ్లోరీ! ఆ చదువు చదివినామె పక్కన మూడొద్దులు కూసున్న నేను, ఓపిక మొత్తం అప్పుడే అయిపోయింది. సరే, కూసో. రెండువేల పదిహేడు, ఫిబ్రవరి పద్నాలుగు, మంగళవారం, పొద్దుగాల పదింబావు. మీ నాయిన ఎనిమిది నెలల తర్వాత నోరు తెరిచిన గడియ అది. నా బైబిలు అట్ట లోపల రాసిపెట్టుకున్న. గప్పుడు నువ్వు గురుకులంల ఉంటివి, నీకు ఎవ్వలు చెప్పలే. చెప్త, కని మొదటికెళ్లి చెప్పాలె, నడుమ అడ్డం రాకు.

ఆ మెడల ఉన్నది బంగారమేనా అంటవ్ కదా. అందరు గదే అడుగుతరు. ఆమె చదువు అడుగరు, ఆమె కష్టం అడుగరు, గొలుసు అడుగుతరు. అది పదవి గొలుసట. పండుగలప్పుడు ఆ నల్ల గౌను మీద ఏసుకోవాలె, పదవి దిగంగనే తీసి ఇచ్చి రావాలె. మీ అమ్మ నాగరాణి, 'ఎన్ని తులాలుంటది చిన్నత్తమ్మా' అంటే, ఈమె నవ్వుకుంట 'మెడ నొస్తది' అన్నది. అడిగినదానికి సక్కగ జవాబియ్యదు, పుట్టినప్పటికెళ్లి గంతే. మిషన్ దవాఖానల నర్సు పని నేర్చుకుంటుంటే డెబ్బై నాలుగుల అక్కడి సిస్టరమ్మలు ఆస్ట్రియా దేశం తీస్కపోయిన్రు. అక్కడ మతి సక్కగ లేనోళ్ల దవాఖానల పని. పని చేసుకుంటనే చదివింది. ముప్పై ఆరేండ్లకు డాక్టరేటు తెచ్చుకున్నది. పెండ్లా? అది అడుగకు. 'బిడ్డా, భువనగిరి సంబంధం చూసినం' అని బాపు ఉత్తరం రాస్తే, 'బాపూ, మీకు దేని గురించి భయమైతాంది?' అని జవాబు రాసింది. బాపు ఆ కాగితం పట్టుకొని 'ఇది బిడ్డనా, పోలీసు ఇనస్పెక్టరా' అనుకుంట వాకిట్ల ఒక పూటంత తిరిగిండు. ఆ తర్వాత ఆమె పాఠాలు చెప్పే మేడం అయ్యింది, ఇంకింత పెద్దగయ్యింది, రెండువేల పదకొండుల ఆ యూనివర్సిటీ మొత్తానికే పెద్ద. మన దగ్గర వైస్ ఛాన్స్‌లర్ అంటరు చూడు, గసొంటిది. మా చిన్నప్పుడు ఊరి బాయిల మమ్ముల బొక్కెన ముంచనియ్యలే బిడ్డా. గసొంటి వాడకట్టు పిల్ల, అంత మంది తెల్ల సార్లకు పెద్ద. దేవుని కార్యం అది, నేను కాదన్ననా?

కని ఆ పెద్దరికం ఎట్ల చేసిందో ఇను, ఇంటే నీకు గూడ తిక్క లేస్తది. కుర్చీల కూసున్న మొదటేడే అక్కడి పిల్లలు కోపమొచ్చి పెద్ద హాలుల కూసొని లోపలికెళ్లి గొళ్లెం పెట్టుకున్నరట. పోలీసును పిలుద్దమని అందరంటుంటే, ఈమె సంచి నిండ ఆపిలు పండ్లు పట్టుకొని పోయి తలుపు కొట్టి, వాళ్ల నడుమ నేల మీద కూసొని పండ్లు కోసుకుంట ఉన్నదట. ఒక్క మాట మాట్లాడలేదట. మూడో రోజు వాళ్లే మాట్లాడిన్రట. 'మరి నువ్వేం చేసినవే?' అని అడిగితే 'ఆపిలు కోసిన అక్కా' అన్నది. అంత జీతమిచ్చి పెట్టుకున్నది పండ్లు కోసేటందుకా?

ఆమె పదవి దిగినంక, పదిహేడుల వచ్చింది. అంతకుముందు ఏడాది జూన్‌ల, బడులు తెరిచిన వారమే మీ నాయిన ఆటో కల్వకుర్తి మలుపు కాడ పల్టీ కొట్టింది. అండ్ల ఉన్న మన గల్లీ వెంకటయ్య మనుమరాలు పోయింది. ఏడేండ్ల పిల్ల. లారీ మీదికొచ్చింది, ఇస్రాయేలు తప్పు లేదని పోలీసులే రాసిన్రు. ఇదంత నీకెరికే. ఆ దినం కెళ్లి మీ నాయిన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు, ఇగ మాట లేదు. నేను ఊరోళ్లకు షుగరు వచ్చిందని చెప్పిన. అబద్ధమే, దేవుడు క్షమించాలె. చావు జరిగిన ఇంటికి మందలించ పోవాలె, రెండు ఓదార్పు మాటలు చెప్పి రావాలె గదా, పగోళ్లు గూడ పోతరు. మేం పోలే. ఏం మొఖం పెట్టుకొని పోవాలె అని మొదటి దినం పోలే, దినాలప్పుడు పోలే, ఇగ అటెన్క పోవుడు ఇంకింత కష్టమాయె. రెండిండ్ల నడుమ ఆరు ఇండ్లే. ఎనిమిది నెలలు నేను ఎనుక గల్లీలకెళ్లి చుట్టు తిరిగి చర్చికి పోయిన. మరి ఊకెనే ఉన్ననా అంటే ఊకెనే ఉండలే. ప్రతి శుక్రవారం ఉపాస ప్రార్థన అక్కలను పిలిచిన. పదహారు మంది మీ నాయిన తల మీద చేతులు పెట్టి గట్టిగ ప్రార్థన చేసేది. పాపం, ఆయన దుప్పటి ఇంకింత మీదికి గుంజుకునేది.

చెల్లె శనివారం దిగింది. ఆదివారం పాస్టరయ్య చర్చిల 'మనసు డాక్టరమ్మ వచ్చింది' అని చెప్పిండు. నేనే చెప్పుమన్న, తప్పు నాదే. కూడిక ఇడువంగనే ఇరవై మంది కొబ్బరినూనె సీసలు పట్టుకొని మా వాకిట్లకొచ్చిన్రు. దైవజనులు ప్రార్థన చేసిచ్చిన నూనె తలకు రాసుకుంటరు కదా, గట్లనే ఈమె గూడ చేసిస్తదనుకున్నరు. ఈమె ఒక్క సీస ముట్టలే. 'నిద్ర పడుతాందా? ఇంట్ల ఎవలతోని మనసిప్పి మాట్లాడుతవ్?' గివే సవాళ్లు. 'సూది లేదు, గోలీ లేదు, ప్రార్థన గూడ లేదు, ఇదేం డాక్టరమ్మ సాలమ్మా' అని నన్నే అనుకుంట పోయిన్రు. నేను సిగ్గుతోని సచ్చిన. అందరు పోయినంక ఈమె పల్లికాయ బస్త ఇప్పి, ఒక చాట నింపుకొని, మీ నాయిన అర్రలకు పోయి మంచం పక్కన కూసొని ఒలుసుడు షురువు చేసింది. షుగరని ఆమెకు గూడ చెప్పిన. నమ్మిందనుకున్నవా? ఆటో సంగతి అప్పటికే వాకిట్లకొచ్చినోళ్ల నోట ఇన్నది.

ఆదివారం మాపటిదాక ఒలిచింది. సోమవారం మల్ల ఒలిచింది. నేను తలుపు కాడికెళ్లి సైగలు చేస్తున్న, అడుగు, ఏమన్న అడుగు అని. చూడనట్టే ఉన్నది. ఇగ పట్టలేక వంటింట్లకు గుంజుకొచ్చి అన్న: 'ఏమే, గన్ని పుస్తకాలు చదివితివి, గంత మందిని ఏలితివి, కొడుకు నా కండ్ల ముందట ఎండిపోతాంటే పల్లికాయలు ఒలుస్తవా? ఒలిచేటందుకు కూలోళ్లు లేరా?' నిమ్మలంగ అన్నది, 'అక్కా, వీని గురించి దేవునికి అన్ని చెప్పినవ్. వీనితోని ఏం మాట్లాడినవ్?' 'మాట్లాడుతనే ఉన్న కదా! లే, తిను, తానం చెయ్, దేవుడున్నడు అని రోజు చెప్తున్న కదా!' 'ఆ పిల్ల పేరేంది అక్కా?' అన్నది. ఎనిమిది నెలల్ల ఆ పేరు ఈ ఇంట్ల ఎవ్వలం ఎత్తలే. ప్రార్థనల గూడ 'ఆ సంగతి ప్రభువా' అనుకుంటుంటిమి, దేవునికేదో పేరు తెల్వనట్టు. నాకు మస్తు కోపమొచ్చింది. నా ఎనుక పుట్టింది, నేను ఎత్తుకొని తిప్పింది, నా వంటింట్ల నిలబడి నన్నే అడుగుతదా! ఆ మాపు ఆమెకు అన్నం పెట్టిన కని మల్ల కూర ఏసుకుంటవా అని అడుగలే.

మంగళవారం నేను గూడ ఒక చాట పట్టుకొని పోయి కూసున్న. మంచితనం కొద్ది కాదు, చూస్తా ఏం చేస్తదో అని. ముగ్గురం. కాయ పలిగిన సప్పుడు తప్ప ఇంకేం లేదు. నాలిక ఎన్నిమార్లు కొరుక్కున్ననో. గోడ దిక్కున్న మనిషి ఇటు తిరిగిండు. చెయ్యి సాపి చాటలకెళ్లి ఒక కాయ తీసిండు, ఒలిచిండు, గింజలు మల్ల చాటల్నే ఏసిండు. 'నిరోష ముందట కూసుంటనన్నది,' అన్నడు. 'నేనే సరే అన్న.' నేను 'దేవుని చిత్తం నాయినా' అనబోయిన. చెల్లె నా మోకాలు మీద చెయ్యేసి వత్తింది చూడు, ఆ నొప్పి ఇప్పటికి యాదున్నది. పగటాలదాక చెప్పిండు మీ నాయిన. ఆ పిల్ల తెచ్చుకున్న జామకాయ సంగతి, హారను తానే కొడుతనన్న సంగతి, అంత. ఆఖరికి 'మనం మందలించ గూడ పోలే అమ్మా' అన్నడు.

రెండేండ్లకు చెల్లె గూడ పోయింది. అక్కడ యూనివర్సిటీ మీద నల్లజెండ ఎగరేసిన్రట, పెద్దోళ్లు పోతే గట్ల చేస్తరట. మన దగ్గర నల్లజెండ అంటే ధర్నా. ఆ చదువేందో, ఆ పెద్దరికమేందో సక్కగ ఒక్కనాడు నాకు చెప్పిపోలే. అడిగితే 'నీకేమనిపిస్తాంది అక్కా' అనేది.

మీ నాయిన మాట్లాడిన మర్నాడు, బుధవారం తెల్లారంగనే తానాలు చేసి ఆయన, మీ అమ్మ, నేను ముందటి తొవ్వలనే వెంకటయ్య ఇంటికి పోయినం. చెల్లెను రమ్మంటే రాలే, 'అది మీరు పోయే ఇల్లు' అని అరుగు మీద మిగిలిన పల్లికాయలు ముందటేసుకున్నది. ఆరు ఇండ్లు. ప్రతి ఇంట్లకెళ్లి ఎవలో ఒకలు తొంగి చూసుడే. మీ నాయిన మీ అమ్మ భుజం పట్టుకొని నడిచిండు, ఎనిమిది నెలలు నడువని కాళ్లు. వెంకటయ్య వాకిట్ల మొఖం కడుగుతున్నడు. మమ్ముల చూసి లోపలికి పోయిండు. ఇగ తలుపేస్తడు అనుకున్న. ఆయన భార్య అండాలు బయటికొచ్చి, మా దిక్కు చూడకుంటనే, చాప ఏసింది. మీ నాయిన కూసున్నడు. నేను కూసున్న.

అద్దం తుడిచినవా? ఇటియ్యి, దాని జాగల పెడత.