నుదుటికి ఆనిన చెయ్యి

హలో… ఆ, నేనే, పెదనాన్ననే. రోడ్డుకి ఇవతల, డోనట్ల కొట్లో ఉన్నాను. నువ్వు చేస్తావనే ఫోను పక్కన కూర్చున్నాను… లేదు, ఎవరూ వినడం లేదు. కొట్టావిడ లోపల పిండి కలుపుతోంది.

ఎఫ్రెన్, ముందు నాకో అనుమానం తీర్చు. ఏళ్లుగా మోస్తున్నాను. మీ నాన్న పోయిన రోజు నువ్వు పేకాట బల్ల దగ్గరున్నావా?

…తెలుసురా, ఇప్పుడు అడిగే మాట కాదని. మళ్లీ అడిగే వీలుంటుందో లేదో… సరే, వదిలెయ్. ఎక్కడున్నావు?

…కేసినోలోనేనా? బయటికి వచ్చెయ్యకుండా, బాత్‌రూముల పక్కన నిలబడి ఫోను చేస్తున్నావా?

…ఇంకొక్క ఆటా? మతి పోయిందా నీకు?

…బల్ల మంచి ఊపు మీదుందని నాకే చెబుతావేం. లెక్కపెట్టింది నేను. చిన్న ముక్కలన్నీ వెళ్లిపోయాయి, బొమ్మలూ ఆసులూ మిగిలాయి. అందుకే కళ్లజోడు తీసి తుడిచాను. అది చూసి నువ్వేం చెయ్యాలి? తప్పతాగిన షావుకారులా తూలుకుంటూ రావాలి, పెద్ద పందేలు కాయాలి, వాళ్లు ముక్కలు మళ్లీ కలిపేలోగా లేచిపోవాలి. ఆ బల్ల దగ్గర నేను నీకెవర్ని?

…ఆ. ఎవర్నీ కాను. మీ పెద్దమ్మ విసుక్కుంటున్నా వంటింట్లో అన్నం గిన్నెలు పక్కకి జరిపి మరీ నేర్పాను కదరా. వచ్చీ రాగానే నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటావా?

…అలవాటే, నాకు తెలియదా. పెద్దవాళ్లు కనబడితే దీవెన కోసం మనవాళ్ల తల దానంతటదే వంగుతుంది. కానీ నెత్తిన అన్ని కెమెరాలుండగానా? నేను చప్పున చెయ్యి లాక్కుని, ‘ఎవరండీ మీరు?’ అన్నాను. ముక్కలు పంచే పిల్ల చూసేసింది. తనూ మన ఫిలిప్పీన్స్ పిల్లే, సెబూ నుంచి వచ్చింది, పాపం తల దించుకుంది. వెనక కాపలాగా నిలబడ్డ బూడిదరంగు కోటాయనకి మన మర్యాదలు తెలియవు కదా అనుకున్నాను. ఆయన ఆ పిల్లనే అడిగాడు, ఈ కుర్రాడు చేసిందేమిటని. తను చెప్పింది. అబద్ధం చెప్పమని ఎలా అంటాను, అందులోనూ ఆదివారం పూట.

ఆ కోటాయన ఇప్పుడేం చేస్తున్నాడు?

…నవ్వుతున్నాడా?

…భోజనం ఖర్చు తమదేనన్నాడా? …రొయ్యలు కూడానా.

ఒరే, తిట్టి ఉంటే నాకింత భయం ఉండేది కాదు. పైనుంచి మనుషులు దిగేదాకా నిన్ను కదలనివ్వకుండా ఉంచుతున్నాడు.

…నేరం కాదని నాకూ తెలుసు. బుర్రలో లెక్కపెట్టుకోవడం తప్పని ఏ జడ్జీ అనడు. ఫాదరుని అడిగితే ఆయన ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. దేవుడేమంటాడో నాకింకా తేలలేదు. కానీ వాళ్లు తీసుకెళ్లే ఆ వెనక గదిలోకి జడ్జీ రాడు నాయనా. ఫాదరూ రాడు. మన చర్చిలో గిటారు వాయించే సిప్రియానో అలాంటి గదిలోకి ఒకసారి వెళ్లొచ్చాడు. అతని వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

పందెం బిళ్లలు బల్ల మీదే వదిలెయ్. …అందరూ కలిసి పెట్టిన సొమ్మయితే ఏం, అందరికీ నేను చెప్పుకుంటాను. పక్క తలుపులోంచి నడిచి వచ్చెయ్. పరిగెత్తకు.

…ఆ తలుపు దగ్గర ఇద్దరున్నారా?

ఆగు, ముందు తలుపు ఇక్కడికి కనిపిస్తుంది… అక్కడా ఒకడున్నాడు. ఇందాక లేడు.

…నా సంగతి ఎందుకు? నేను బయటపడ్డాను, నాకేం… నన్ను ఇంటికి పొమ్మంటావా?

…ఏమిటీ? మెల్లగా చెప్పు, వినబడడం లేదు.

…మీ నాన్న పోయిన రోజు ఆసుపత్రి దగ్గరే ఉన్నావా?

…మెట్ల మీద. …పొద్దుటినుంచీ. …లోపలికి రావడానికి కాళ్లు రాక.

…మరి శవపెట్టె దగ్గర నువ్వు నా చెయ్యి కోసం వంగినప్పుడు… చెప్పొచ్చు కదరా.

…అవును. అడగలేదు. చెయ్యి జేబులో పెట్టేసుకున్నాను.

హలో?… ఎఫ్రెన్?… హలో?

…మీరెవరు?

…అవునండీ. ఆ కళ్లజోడు ముసలాణ్ణి నేనే. …ఎవరో కాదండీ, నా తమ్ముడి కొడుకు. లెక్కంతా నాది. వాడికి కూడికలే సరిగా రావు, వాణ్ణి అడిగి లాభం లేదు. …మీరు మనిషిని పంపనక్కర్లేదు, ఎదురుగానే ఉన్నాను, నేనే వస్తాను. నేను వచ్చేదాకా వాడి చేతుల జోలికి వెళ్లకండి. …ఒక్కసారి ఫోను వాడి చెవి దగ్గర పెట్టండి. ఒక్క మాటే.

…ఎఫ్రెన్. …ఏడవకు. వింటున్నావా? దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

…ఆ, అదే. ఆ రోజు నీకివ్వాల్సిన దీవెన. చెయ్యి కూడా తెస్తున్నాను. నన్ను చూడగానే లేచి తల వంచు, కెమెరాలున్నాయని ఆగకు. ఈసారి లాక్కోను.

పెట్టేస్తున్నాను.