బావ తవ్వించిన బావి

చమురు కంపెనీ భవనంలో కింది అంతస్తు, పాత సర్వే టేపులు దాచే గది. ఆ గది చూసుకునే ఆమె కుర్చీలో ఉంది. గుమ్మంలో ఆమె అక్క భర్త, ఆమెకు పైఅధికారి.

“అక్కడే ఆగిపోయారేం సార్? రండి. దుమ్ము, చూసుకోండి.”

“సార్ ఏంటి? బావా అను.”

“ఆఫీసులో వరసలు వద్దన్నది మీరేగా.”

“ఏదో అన్నాను... సముద్రంలో మన బావి ఉత్తిదైపోయింది.”

“విన్నాను. బావని నమ్మి బావిలో దిగినట్టయింది కంపెనీకి.”

“వెటకారాలు తర్వాత. చమురు సంగతి అటుంచు, అదుండే ఇసుక పొరే తగల్లేదు! నీ మ్యాప్‌లో అంత స్పష్టంగా—”

“ఎవరి మ్యాప్?”

“అదే... మన...”

“ఎవరి మ్యాప్ సార్?”

“నీదే. నీదే! చాలా?”

“నా పేరు చెరిపేసి మీ పేరు వేసుకున్న రోజు అనాల్సిన మాట అది. ఆ రోజు నన్ను ఈ గదిలోకి తోశారు.”

“ఇప్పుడవన్నీ తవ్వకు.”

“తవ్వడం మీ పని. నాది దుమ్ము దులపడం.”

“మీ అక్క మొహం చూసైనా చెప్పు. ఎక్కడ తప్పాం?”

“అక్క మొహం చూసే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. సముద్రం అడుక్కి శబ్దం పంపితే, ఏ పొర నుంచి ఎంతసేపటికి తిరిగొచ్చిందో తెలుస్తుంది. అంతే. లోతు తెలీదు. రాయిలో శబ్దం ఎంత వేగంగా పోతుందో బావిలో కొలిచి, అప్పుడు లెక్క కట్టాలి.”

“కట్టాంగా! ఒడ్డు దగ్గరి పాత బావి కొలతలతో.”

“ఒడ్డు దగ్గర మెత్తటి మట్టి. మీరు తవ్విన చోట గట్టి రాయి. అందులో శబ్దం పరిగెడుతుంది.”

“అయితే?”

“అది చెప్పబోతేనే, ‘నీకు తెలీదు, కూర్చో’ అన్నారు. అందరి ముందూ.”

“అబ్బా, కాళ్ళు పట్టుకోమంటావా?”

“వద్దు, చొక్కా మాస్తుంది. బావి మూసేశారా?”

“సిమెంటు పోసేశాం. తవ్వే రిగ్గు కూడా వెళ్ళిపోయింది.”

“మరి ఆ మేర సముద్రం?”

“ఇంకెందుకని అక్కడ తవ్వే హక్కులు వదిలేసుకున్నాం. పొద్దున నేనే సంతకం పెట్టాను.”

“మళ్ళీ వెనక్కి తీసుకోడానికి లేదు కదా?”

“లేదు. ఏం, ఎందుకు?”

“అయితే ఇప్పుడు చెప్పొచ్చు. శబ్దం వేగంగా పోయిందంటే, పొర మీ లెక్క కన్నా లోతున ఉన్నట్టు. ఇంకో రెండు వందల మీటర్లు దిగుంటే ఆ పొర తగిలేది.”

“నీకు... నీకు ముందే తెలుసా?”

“ఆ హక్కుల్ని ఇవాళ అడుగుతున్న ఇంకో కంపెనీకి కూడా తెలుసు. రేపట్నుంచి నా ఉద్యోగం అక్కడే.”