హారన్ లేని కారు

హలో… నేనే. అవును, నేనే. ఏం, కట్టుకున్నదాని గొంతు కూడా మర్చిపోయావా?

…బాగానే ఉన్నాను. మీ అమ్మా బాగానే ఉంది. క్షేమసమాచారాలకి చెయ్యలేదులే. కారు స్టార్ట్ అవడం లేదు.

…ఏ కారేంటి? మనకేమన్నా పది కార్లు ఏడిశాయా? నువ్వు ఇల్లు వదిలి పోతూ పోతూ షెడ్డులో పెట్టి గొళ్ళెం వేసి వెళ్ళావే, ఆ కారు.

…ఎందుకంటే రేపు ఉద్యోగంలో చేరాలి. నేను… ఆ, నాకే ఇచ్చారు. ఊరవతల సీసాల ఫ్యాక్టరీలో స్టోర్సు చూడటం. బస్సు అంతదాకా పోదు. పొద్దున షిఫ్టు వేళకి గేటు దగ్గర లేకపోతే ఇంకొకళ్ళని పెట్టుకుంటామని మొహం మీదే చెప్పారు.

…నవ్వకు. నవ్వావంటే ఫోన్ పెట్టేస్తాను.

…సరే, అడుగు. బ్యాటరీ కొత్తది. పాతది ఉబ్బిపోయింది, మార్పించాను… పెట్రోలా? ట్యాంకులోదంతా తోడి పారబోశాం. వార్నిష్ కంపు కొట్టింది. కొత్తది పోశాం… ప్లగ్గులూ విప్పి తుడిచాను. నేనే! నాకూ చేతులున్నాయి, నీకెప్పుడూ కనపడలేదంతే.

…లేదు, సెల్ఫ్ తిరుగుతోంది. గిర్రున తిరుగుతోంది. ఇంజనే అందుకోవడం లేదు.

…ఎలకల సంగతీ చూశాను. గూడైతే పెట్టాయి, నీ పాత బనీను పీలికలు చేసి మరీ. వైర్ల జోలికి మాత్రం పోలేదు. నీకన్నా అవే నయం.

…ఏంటీ? నువ్వొస్తావా? ఎందుకు?

…వద్దు. ఫోన్లో చెప్పు, చాలు.

…చూస్తేగానీ తెలీదా? ఇంతసేపూ ఒక్కోటీ అడిగావుగా, ఇప్పుడేమొచ్చింది?… అత్తయ్యా, టార్చి కాస్త ఇటు పట్టండి… ఆ, మీ అమ్మే పట్టుకుంది. ఎవరి వైపు నిలబడిందో నీకు తెలుసుగా, కంగారు పడకు.

…ఉండు. ఒక్కటడుగుతాను. ఇదివరకు తాళం తిప్పగానే వెనక సీటు కింద గుయ్‌మని చిన్న చప్పుడొచ్చేది. పెట్రోలు పంపుది. ఇప్పుడది రావడం లేదు. ఇన్ని అడిగావు, దాని మాట ఎత్తలేదేం?

…మాట మార్చకు. పంపు సంగతి చెప్పు.

…ఏంటత్తయ్యా?… ఎవరు, మామయ్యగారా?… హవ్వ!

…విను, మీ అమ్మ ఏమంటోందో విను. ఆవిడ అలిగి పుట్టింటికి వెళ్తానన్నప్పుడల్లా మీ నాన్న స్కూటరు ప్లగ్గు పీకి జేబులో వేసుకునేవాడట. ఆవిడకి నడపడం వచ్చుగా, ఎక్కి పోతుందని భయం. నువ్వు పక్కనే నిలబడి చూసేవాడివట.

…అడ్డం రాకు. బానెట్ కింద నల్ల డబ్బా మూత తీశాను. ఫ్యూజులన్నీ ఉన్నాయి… ఒక్కటి లేదు. మూత మీద పెట్రోలు పంపు బొమ్మ ఎక్కడుందో, సరిగ్గా అక్కడ ఖాళీ.

…ఎక్కడుంది?

…పర్సులోనా! పెళ్ళాం ఫొటో పెట్టుకోవాల్సిన చోట ఫ్యూజు పెట్టుకు తిరుగుతున్నావా?

…అంటే వెళ్తూ పీకావన్నమాట. కారు కదలకపోతే నేనే ఫోన్ చేసి బతిమాలుతాను. అప్పుడు దొరగారొచ్చి ఆ ముక్క పెట్టి, కారు స్టార్ట్ చేసి, అట్నుంచటే ఇంట్లోకి నడిచొచ్చి కంచం ముందు కూర్చుందామని. అంతేనా?

…రోజూ ఎదురుచూశావా?… అయ్యో నీ రాత! ఈ షెడ్డు తలుపు తీసిందే ఈ వారం. నడపడం వచ్చినా, ఇన్నాళ్ళూ కారెక్కి ఎక్కడికైనా పోదామని నాకసలు తోచనే లేదు.

…ఏడవకు. నువ్వేడిస్తే నాకింకా ఒళ్ళు మండుతుంది. ఒక్కసారి వచ్చి తలుపు కొట్టి, తప్పయిపోయిందని అనుంటే తీసేదాన్ని. నిజంగా తీసేదాన్ని, అప్పట్లో. ఇప్పుడు తియ్యను.

…అది పట్టుకుని బయల్దేరకు! అక్కర్లేదు. హారన్ ఫ్యూజు కూడా అదే నంబరుది, మూత మీద రాసుంది. దాన్నే పీకుతున్నా… అబ్బా, గోరు!… వచ్చింది. పెట్టాను. అత్తయ్యా, మీరు లోపల కూర్చుని తాళం తిప్పండి.

…గుయ్‌మంది! విన్నావా? ఇంకాస్త తిప్పండత్తయ్యా… దగ్గింది… ఆగిపోయింది. మళ్ళీ… మళ్ళీ తిప్పండి, పర్లేదు… అదీ! అదీ! వదలకండి, కాలు మెల్లిగా నొక్కి ఉంచండి! అయ్యయ్యో, ఎంత పొగ!

…పొగకే దగ్గుతున్నాను. ఏడుపేం కాదు.

…హారన్ లేకుండా ఎలా వెళ్తానా? గేటు ముందు నిలబడి వీధంతా లేచేలా హారన్ కొట్టడం నీ అలవాటు. నేను అద్దం దించి, కాస్త జరగండి బాబూ, అంటాను. జరుగుతారు.

…వద్దు. నీ పర్సులోది నీ దగ్గరే ఉంచుకో.

…మీ అమ్మకా? ఉండు, అడుగుతాను… అత్తయ్యా, మీ అబ్బాయి మాట్లాడతాడట… ఏంటీ?

…కుదరదంటోంది. స్టీరింగు ముందు కూర్చుంది, వీధి చివరిదాకా తనే నడుపుతుందట.

…ఉంటాను. షెడ్డు తలుపు రెండో రెక్క కూడా తియ్యాలి.