ఇంటిని కాపాడిన నిమ్మగడ్డి

"ఆ కావా వేరు కషాయం ఇంకో కొబ్బరిచిప్పెడు పొయ్యవయ్యా మునిసామీ, గొంతు తడిస్తేగానీ నా నోట నిజం రాదు," అన్నాడు నైబుకా, పొరుగింటి అరుగు మీద బాసింపట్టు వేసుకుని. "మా వంటింటి గుమ్మం పక్క నిమ్మగడ్డి గుర్తుందిగా? పొద్దున గుప్పెడు కోసి టీ కాస్తే సాయంత్రానికి మళ్లీ అంతా మొలిచేది."

"సరే, అంతవరకూ ఒప్పుకున్నాం," అన్నాడు మునిసామి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేపలు కడిగిన నీళ్లు పోశాను. అంతే! సీమపనస చెట్టు నీడన ఉండే గడ్డి కాస్తా ఆ చెట్టుకే నీడ పట్టింది. మా మేక అందులోకి దూరి, ఏడాదికి పిల్లల్తో బయటికొచ్చింది. పాలు పిండితే నిమ్మ వాసన!"

"లోపల మేకపోతు ఎక్కడిదయ్యా?"

"అది అంతకుముందే అందులో తప్పిపోయిందిలే, వెతకలేక వదిలేశాం. మొన్న తుఫానొచ్చిందా, మన లబాసా ఊరంతా ఇళ్ల రేకులు ఎగిరిపోయాయా? నేను ఇంటికి తాడేసి ఆ దుబ్బుకి బిగించాను. గాలి ఇంటిని గాలిపటంలా లేపేసింది. పైనుంచి నేనూ మా ఆవిడ మకెరెతా మీ పెరడు కూడా చూశాం, కన్నమ్మ చెల్లెమ్మ బట్టలు తీస్తోంది. గాలి తగ్గాక దుబ్బే మమ్మల్ని మెల్లగా దించింది. ఇంతలో సముద్రం ఊళ్లోకొచ్చింది! ఆ అల దుబ్బులో దూరి అవతలికి టీగా మారి వచ్చింది. చక్కెర ఒక్కటే తక్కువ. ఊరంతా చెంబుల్తో..."

"అన్నా," అంది మునిసామి భార్య కన్నమ్మ, గడపలో నిలబడి. "ఆ ఉప్పునీళ్లకే నీ దుబ్బు మాడిపోయింది. జ్వరపడి లేచిన వదినకి ఆ టీ తప్ప ఏదీ సయించట్లేదని రోజూ మా గడ్డే కోసి పంపుతున్నా. ఇవాళ పిలక అడుగుదామని వచ్చావు. అడిగితే లేదనే ఆచారం ఈ ఊళ్లో లేదు కదా, అడగడానికి నీకింత తుఫాను కావాలా? ఇదిగో, పొద్దుటే తడిగోనెలో చుట్టి పెట్టాను."

నైబుకా చిప్ప కింద పెట్టాడు. అరచేతులు దొప్పలు చేసి, తలవంచి, తమవాళ్లు కృతజ్ఞత చెప్పే పద్ధతిలో మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

"నీ చేతి చలవ వల్లే మకెరెతా ఇవాళ లేచి నవ్వింది, చెల్లెమ్మా. నీ మేలు మరిచిపోను. ఇందులో రవ్వంత కూడా కోత లేదు."

"తెలుసులే అన్నా. కానీ ఈసారి తాడేసి దీనికి ఇల్లు కట్టెయ్యకు. లేతపిలక, ఊడొస్తుంది."