స్విచ్ దగ్గర కాపలా

అదిగో, మళ్ళీ ఆగింది. చూశావా? ఫోనులో చెబితే, "బావా, నువ్వు ప్రతిదానికీ గోల చేస్తావు" అన్నావు. ఇప్పుడు నీ కళ్ళముందే ఆగింది కదా. ఆ తెర మీద చక్రం తిరగడం మొదలెట్టిందంటే, ఇక పొద్దు గూకేదాకా అదే తిరుగుడు. గానుగెద్దు నయం, అది తిరిగితే నూనైనా వస్తుంది.

ఏమోయ్ బావమరిదీ, నిన్ను అనాలని కాదు గానీ అనక తప్పడంలేదు. ఈ కంప్యూటరు ఎవరిచ్చారు? నువ్వే కదా. మీ ఆఫీసుకు కొత్తవి వచ్చాయని పాతదాన్ని తుడిచి, అక్కకు కానుకంటూ భుజాన మోసుకొచ్చావు. తోడబుట్టినదాని మీద ప్రేముంటే మంచిది తేవాలి గానీ, రిటైరైపోయినదాన్ని తెస్తావా? రిటైరైనవాణ్ణి ఒకణ్ణి ఇంట్లో భరిస్తోంది, చాలదూ మీ అక్కకి?

నవ్వకు. ఇది నవ్వే సంగతి కాదు.

రేపు పొద్దున మీ అక్క మొదటి పాఠం. ఆ కుట్టు శిక్షణ కేంద్రం మేడం లేదూ, ఆవిడ పోయిన నెల ఇంటికొచ్చి ఇదిగో, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. ఆడపిల్లలు ఎవరిళ్ళల్లో వాళ్ళు ఫోన్లు పెట్టుకుని చూస్తారట, మీ అక్క ఇక్కడ చొక్కా కాలరు కత్తిరించి చూపించాలట. మాట మధ్యలో "టీచరుగారూ" అంది. మీ అక్క వెనక్కి తిరిగి చూసిందయ్యా, ఎవరొచ్చారా అని. ఇన్నేళ్ళు ఊళ్ళో సగంమంది మెడలకు కాలర్లు కుట్టింది, ఒక్కడు ఆ మాట అన్న పాపాన పోలేదు.

అప్పట్నుంచి చూడాలి ఆవిడ హడావుడి. కాగితాలతో కాలర్లు కత్తిరించి గోడకు వరసగా అంటించింది. ఆ కెమెరా నిలబెట్టే కొయ్య నేనే చెక్కాను, చూడు, కొంచెం వంకరగా ఉన్నా కదలదు. సాయంత్రాలు ఈ గదిలో కూర్చుని ఉత్త తెరతో మాట్లాడుకునేది. "గుడ్డను లాగకూడదమ్మా, నడిపించాలి" అని. నేను తలుపు వెనక నిలబడి వినేవాణ్ణి. ఆ గొంతు నాకు కొత్త. నాతో మాట్లాడే గొంతు నీకు తెలుసుగా.

ఇంతలో ఈ మాయరోగం వచ్చిపడింది. వారం రోజులుగా పొద్దున మీట నొక్కితే చాలు, ఇలా గుడ్లప్పగించి కూర్చుంటోంది. ఒక్కోరోజు మధ్యాహ్నానికి లేస్తుంది, ఒక్కోరోజు అసలు లేవదు.

నిన్న మీ అక్క ఏం చేసిందో తెలుసా? గోడమీది కాలర్లన్నీ పీకి పెట్టెలో పెట్టేసింది. తన చేతికి సూదీ దారం పడతాయి గానీ ఇది పడదట. తను ముట్టుకుంటే చాలు, చస్తోందట. వేరెవరినైనా చూసుకోమని మేడంతో చెప్పేస్తుందట. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, ఏదో ఒకటి అనేవాణ్ణి. ఇవాళ టీ తాగి ఫోను చేస్తానంది. వంటింట్లో గిన్నె చప్పుడు వినిపిస్తోందా? ఆ టీయే. అది మరిగి, వడగట్టి, చల్లారేలోపు నువ్వు దీన్ని లేపాలి.

నువ్వేమో వచ్చీరాగానే పెట్టె పొట్ట విప్పావు. దుమ్ము ఊదావు. దీని జ్ఞాపకమంతా ఇందులోనే అంటూ ఆ పచ్చ పట్టీని పీకి, బడిపిల్లాడిలా రబ్బరుపెట్టి రుద్దావు. ఏమైనా అయిందా? మా దారం మిల్లులో మెకానిక్కు ఒకడుండేవాడు, నోటిలో పాను లాంటిది ఏదో ఒకటి లేకుండా మాట్లాడేవాడు కాదు. వాడు మిషను దగ్గరికొస్తే పానా తియ్యడు, ముందు అడుగుతాడు. ఎవరు నడిపారు, ఎలా ఆపారు అని. మిషను చెడిపోయేది నడిపేటప్పుడు కాదు, ఆపేటప్పుడు అనేవాడు. నువ్వు ఒక్క ముక్క అడిగావా?

ఆ. అలా అడుగు.

మీ అక్క నువ్వు నేర్పినట్టే ఆపుతుందయ్యా. అక్కడొకటి నొక్కి, ఇక్కడొకటి నొక్కి, కాగితాలు సర్దుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఈ వారంగా అదేమన్నా ఆగుతుందా? ఆగదు. చక్రం తిప్పుకుంటూ, కింద ఏవో చీమతలకాయలంత అక్షరాలు పెట్టుకుని కూర్చుంటుంది. పడుకోబోయేముందు నేను ఇల్లంతా ఒకసారి చూసుకుంటాను కదా, అప్పటికీ తిరుగుతూనే ఉంటుంది, మొండిఘటం. అప్పుడు నేను ఆపుతాను.

ఎలా ఏమిటి? గోడకున్న దీని స్విచ్ లాగేస్తాను. టప్పుమని ఆగి తీరుతుంది.

ఎందుకయ్యా అలా చూస్తావు?

రోజూనా అంటే, రోజూనే. నేను ఉన్న ఇంట్లో మనుషులు నిద్రపోతుంటే మిషను తిరుగుతూ ఉండదు. ఫ్రిజ్‌కి కూడా లాగేసేవాణ్ణి. రెండుసార్లు పాలు విరిగాక మీ అక్క ఆ స్విచ్ మీద గుడ్డముక్క అంటించింది, ఎర్రదారంతో "చెయ్యి తియ్యి" అని కుట్టి. వెళ్ళి చూడు, ఇంకా ఉంది.

నీకు నవ్వులాటగా ఉంది. నువ్వు అప్పటికి నిక్కర్లు వేసుకుంటున్నావు, నీకేం తెలుసు. మా మిల్లులో మెయిన్ స్విచ్ మిషను దగ్గర ఉండేది కాదు. సూపర్‌వైజరు అద్దాల గదిలో ఉండేది. ఒకరోజు నా పక్క మిషను నడిపే పొడుగోడి చొక్కా చెయ్యి రోలర్లో పడింది. నేను పరిగెత్తాను. గదికి తాళం. దొరగారు భోజనానికి వెళ్ళారు. అద్దం పగలగొట్టి నేను స్విచ్ లాగేసరికి, పొడుగోడికి ఆ చెయ్యి ఇక పనికి రాలేదు.

దానికోసమే సమ్మె చేశాం. ప్రతి మిషను పక్కనా ఒక స్విచ్ ఉండాలి, నడిపేవాడి చేతికి అందాలి. అంతే, వేరే కోరికేం లేదు. గేటు ముందు ఎండకి ఎండాం, వానకి తడిశాం. మేనేజరు లోపలికి పిలిచి, తప్పయిందని సంతకం పెడితే పనిలోకి తీసుకుంటామన్నాడు. పెట్టలేదు. చివరికి స్విచ్‌లు పెట్టారు. నా మిషను పక్కన పెట్టినరోజు దాన్ని ఊరికే రెండుసార్లు లాగి చూసుకున్నాను, చంటిపిల్లాడిలా. ఆ చెయ్యి ఇప్పుడు ఊరుకోమంటే ఊరుకుంటుందా?

ఏమిటి? ఆ అక్షరాలా? చదవలేదు. కళ్ళజోడు మంచం దగ్గర ఉంటుంది. ఏముంటుంది, వెళ్ళొస్తానని రాస్తుందేమో అనుకున్నాను.

ఏదీ, ఇప్పుడూ ఉన్నాయా కింద? నువ్వు చదువు.

మళ్ళీ చదువు.

"పని జరుగుతోంది. దయచేసి ఆపవద్దు."

దయచేసి అని కూడా రాసిందా?

ఆగు, ఆగు. నన్ను అర్థం చేసుకోనీ. అంటే ఇది రోజూ సాయంత్రం తన ఒళ్ళు తనే బాగుచేసుకుంటోంది. సగం పనిలో ఉండగా నేను పోయి ఊపిరి తీసేస్తున్నాను. పొద్దున లేచి, ఎక్కడిదాకా కుట్టుకుందో, ఎక్కడ విప్పుకోవాలో తెలియక అలా కూర్చుంటోంది. అంతేనా? సూది కింద గుడ్డ ఉండగానే లాగేసినట్టు. లాగకూడదమ్మా, నడిపించాలి. తలుపు వెనక నిలబడి విన్నాను కదా, ఏం విన్నట్టు?

మిల్లులో జీవితం మొత్తం మీద ఒక్కడు మాకు దయచేసి అనలేదు బావమరిదీ. ఇది రోజూ అంది. దీని మీదా నా ప్రతాపం?

సరే, ఇప్పుడేం చెయ్యాలి? చెప్పు, నేనూ ఒక చెయ్యి వేస్తాను.

ఏమీ చెయ్యకూడదా? ఊరికే వదిలెయ్యాలా? దాని పని అది పూర్తిచేసుకునేదాకా, సాయంత్రమైనా సరే? ఇన్నేళ్ళొచ్చాక నాకు ఏమీ చెయ్యకపోవడం నేర్పిస్తావన్నమాట. ఇదిగో, చేతులు తొడల కింద పెట్టుకున్నాను. సరేనా? ఆ అక్షరాల పక్కనున్న అంకె కదిలిందా? కదల్లేదు. ఇప్పుడు? నన్ను అలా చూడకు, నేను స్విచ్ వైపు చూడ్డంలేదు. గోడ వైపు చూస్తున్నాను. స్విచ్ గోడకి ఉంటే నేనేం చెయ్యను?

ఆ, కదిలింది. కదిలిందయ్యా. దీని తస్సాదియ్యా, బతికే ఉంది.

ఇక చూడు, ఒక చిన్న మాట. మీ అక్క అడిగితే దుమ్ము అని చెప్పు. అబద్ధం కాదుగా, దోసెడు దుమ్ము వచ్చింది, నేనే చూశాను. దుమ్ము వల్ల ఆగింది, ఊదాను, పోయింది. నువ్వు చెబితే నమ్ముతుంది.

తల ఊపవేం?

నాకు తెలుసు ఏం అంటావో. దుమ్మయితే తుడవనిది తనే అనుకుంటుంది. నిజమే. దేనికైనా తన నెత్తినే వేసుకుంటుంది. వారం రోజులుగా తన చేతినే తిట్టుకుంటోంది. ఏ చేతినయ్యా? మేము గేటు ముందు కూర్చున్నన్నాళ్ళు ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ చేతి మీదే. మా జెండాలు కుట్టింది ఆ చెయ్యే. నేను అందరికీ చెప్పుకుంటాను, స్విచ్ నేను సాధించానని. ఇవాళ నీకు కూడా అలాగే చెప్పాను, విన్నావుగా.

నువ్వు వెళ్ళి చెప్పకూడదూ? అక్కే కదా, నిన్నేం అంటుంది. వెళ్ళవా? సరే, వెళ్ళకు. మీ ఇంటి మనుషులంతా ఇంతే, పీక మీద కత్తి పెట్టినా కదలరు.

తప్పయిందని ఆ మేనేజరుకు చెప్పమన్నారు, చెప్పలేదు. అప్పుడు తప్పు మాది కాదు కనక నోరు రాలేదు. అది అలవాటైపోయి, తప్పు నాదైనప్పుడు కూడా నోరు రావడంలేదు. వింటున్నావా? ఏమని మొదలుపెట్టాలి? "ఏమే" అని మొదలుపెడితే, టీలో చక్కెర తక్కువైందని వచ్చాననుకుంటుంది.

అదిగో. గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఫోను తీస్తోంది.

లేస్తున్నాను, లేస్తున్నానయ్యా, మోకాళ్ళు సహకరించాలిగా. అది నీ చేతి వల్ల కాదే, నా చేతి వల్ల అంటాను. అంతే. మిగతాది ఆవిడే అంటుంది, ఆవిడకి మాటలకేం లోటు.

నువ్వు మాత్రం ఆ కుర్చీ ఇటు జరుపుకుని స్విచ్‌కి అడ్డంగా కూర్చో. పని పూర్తయ్యేదాకా ఎవర్నీ దాని దగ్గరికి రానివ్వకు.

నేనొచ్చినా సరే.