నానిన రస్కు

ఆఫీసు నుంచి వచ్చిన కూతురు వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. తండ్రి సింకు పక్కన నిలబడి, పాలల్లో ముద్దయిపోయిన రస్కును చెంచాతో తింటున్నాడు. ఆమె హెడ్‌ఫోన్లు మెడమీదికి లాక్కుంది.

"నిలబడి తింటున్నావేంటి నాన్నా?"

"ఊరికే. కూర్చుంటే నడుం పట్టేస్తోంది."

"రస్కంటే కరకరలాడాలనేవాడివి."

"పళ్ళు మునుపటిలా లేవుగా."

"నీ పళ్ళు రాళ్ళలా ఉన్నాయని మొన్నేగా డాక్టరు అన్నాడు."

ఆయన కాసేపు గిన్నెలో చెంచా తిప్పాడు.

"ఆ రోజు నేను నములుతుంటే కంచం వదిలేసి లేచిపోయావు కదమ్మా."

"అది నీ తప్పు కాదు నాన్నా. నా చెవులే అంత. ఆఫీసులో పక్కావిడ పెన్ను టకటకలాడించినా ప్రాణం తోడేసినట్టుంటుంది. అందుకేగా ఈ హెడ్‌ఫోన్లు కొనుక్కుంది."

"తెలుసులే."

"రా, టేబుల్ దగ్గర కూర్చో. ఇవాళ ఇవి తీసేస్తాను. ఎలాగో ఓర్చుకుంటాను."

"వద్దు తల్లీ. పెట్టుకునే కూర్చో. నువ్వు ఓర్చుకుంటుంటే నాకు ముద్ద దిగదు."

ఆమె మళ్ళీ హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని, టేబుల్ దగ్గర ఆయనకెదురుగా కూర్చుంది. ఆయన డబ్బాలోంచి పొడి రస్కు తీసి, ఆమె ముఖం వంక చూస్తూ భయంభయంగా కొరికాడు. ఆమె కనురెప్ప కూడా కదల్లేదు.

ఆయన ఇంకోటి తీసుకున్నాడు.