అడుగు చుట్టు మీద రెండు గాట్లు

అధికారి బాబు ఒంట్లో కులాసాగా ఉన్నారా, మొన్నటికంటే కళ్ళ ఎరుపు తగ్గింది. రాసే అమ్మాయికి దగ్గు ఎలా ఉంది. స్టేషను గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నాయన మోకాలి వాపు తీసిందా. లోపలి గదిలో ఉన్న నా మనవరాలు ఎలా ఉంది, ఏమైనా తిన్నదా, చెయ్యి కాలిన చోట మందు రాశారా. ఇవన్నీ అడిగాకే నా సంగతి చెబుతానన్నాను. అందరూ బాగానే ఉన్నారని అధికారి చెప్పారు. మనవరాలు తిన్నదన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాను.

నన్ను వీధిలో అందరూ కంగారమ్మ అంటారు. అదే రాయమన్నాను, ఆ పేరుతో ఉత్తరం వేసినా నాకు చేరుతుంది. వయసు డెబ్భై రెండు. చదువు మూడో తరగతితో ఆగింది. మా ఆయన వెండి పని చేసేవాడు, పోయి పదకొండేళ్ళయింది. ఆయన కొలిమి దగ్గర నలభై ఒక్క ఏళ్ళు నేను తిత్తి కొట్టాను. అదే నా వృత్తి అని రాయమన్నాను.

నా మనవరాలు, అంటే నా కూతురి కూతురు, పాత వస్తువుల ప్రదర్శనశాలలో పని చేస్తుంది. పాతకాలం వాళ్ళు గ్యాసూ కరెంటూ లేకుండా వెండిని ఎలా కరిగించారో అలాగే కరిగించి చూడాలని ఎనిమిది నెలలుగా మా పెరట్లో తంటాలు పడుతోంది. బంకమట్టిలో పొట్టు బూడిద కలిపి మూసలు చేసింది. వెండి పెట్టి కరిగించే మట్టి పాత్రను మూస అంటారు. రెండు మూసలు పగిలాయి. వెండి కోసం పాత స్విచ్చుల లోపలి వెండి బొట్లు, విరిగిన చెంచాలు, తెగిన గొలుసుల లంకెలు పోగుచేసింది.

ఇలాంటివి మనకెందుకే, ఇల్లు తగలబడుతుందని నేను రోజూ అనేదాన్ని.

"అమ్మమ్మా, పుస్తకాల్లో అన్నీ ఉన్నాయి, నిప్పు రంగు ఒక్కటే లేదు. అది నీ దగ్గరుంది" అనేది.

"నా దగ్గర భయం తప్ప ఏముందే తల్లీ?"

"ఆ భయమే కావాలి. నువ్వు ఎప్పుడు అరిస్తే అప్పుడు తిత్తి ఆపేస్తాను."

ఏడో తారీఖు మంగళవారం ఉదయం ఆరున్నరకు బొగ్గులు అంటించాం. నేను నాలుగు బకెట్లు నీళ్ళు పెట్టాను. ఏడు గంటలకు అయిదోది తెస్తుంటే, "ఇంకోటి పెట్టావంటే నిప్పే మునిగిపోతుంది" అని నవ్వింది. అంతకుముందు రోజు సాయంత్రం ప్రదర్శనశాల పుస్తకంలో సంతకం పెట్టి ఒక పాత వెండి గిన్నె తెచ్చుకుంది. రేకు మందం చూసుకోవడానికట. మంగళవారం సాయంత్రం అయిదుకల్లా తిరిగి ఇవ్వాలి. పసుపు గుడ్డలోంచి తీసి, బొమ్మ గీసుకుని, పని బల్ల మీద బోర్లించి పెట్టింది. పక్కనే ముక్కల పళ్ళెం. తిరిగి ఇవ్వాల్సిన వస్తువని నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. అన్నీ అడిగేదాన్ని, అది ఒక్కటి అడగలేదు.

తొమ్మిదీ ఇరవైకి ముందు గదిలో ఫోను మోగింది. "అమ్మమ్మా, ముక్కలన్నీ వేసెయ్, తిత్తి మాత్రం వదలకు" అని చెప్పి వెళ్ళింది. అన్నీ వేశాను. మూస సగానికి కూడా రాలేదు. సగం మూసను ఎర్ర నిప్పులో పెడితే పగులుతుందని మా ఆయన ఎప్పుడూ పెట్టనిచ్చేవాడు కాదు. ముందటి రెండూ అలాగే పగిలాయి. ఇదీ పగిలితే పిల్ల ఏమైపోతుందోనని, వేయడానికి ఇంకేమైనా ఉందా అని బల్లంతా వెతికాను.

అప్పుడు బోర్లించిన గిన్నె కనిపించింది. గిన్నె నిలబడడానికి కింద అతికించే అడుగు చుట్టు మీద ఆకురాయితో పెట్టిన రెండు గాట్లు ఉన్నాయి.

ఈ గాట్ల సంగతి జాగ్రత్తగా రాయమని చెప్పాను. మా కొట్లోకి కరిగించడానికి ఏ వస్తువు వచ్చినా, తెచ్చినవాళ్ళ ఎదుటే మా ఆయన దాని అడుగున రెండు గాట్లు పెట్టేవాడు. గాట్లు పడ్డాక అది గిన్నె కాదు, చెంచా కాదు, ఉత్త వెండి. ఇక దాని గురించి ఎవరూ మళ్ళీ అడగకూడదు. గాట్లు లేనిదాన్ని నేను ఎన్నడూ నిప్పులో వేయలేదు. ఉన్నదాన్ని వేయడానికి ఎన్నడూ వెనకాడలేదు. మా ఆయనది ఎడమ చేతి వాటం. ఆయన గాట్లు ఎడమకు ఒరిగేవి. ఇవీ ఎడమకే ఒరిగి ఉన్నాయి. ఆయనవేనని చెప్పలేను. అలాగే ఉన్నాయని మాత్రం చెప్పగలను.

అడుగు చుట్టును టంకంతో అతికిస్తారు. టంకం కలిస్తే వెండి చెడుతుంది. అందుకని ఉలి పెట్టి మూడు దెబ్బలతో చుట్టు ఊడదీశాను. గిన్నెను సుత్తితో అణిచి మూసలో వేశాను. అప్పుడు తొమ్మిదీ ముప్పై అయిదు. చుట్టును, వెండి కరిగేటప్పుడు చల్లే వెలిగారం డబ్బాలో పడేసి మళ్ళీ తిత్తి అందుకున్నాను. మనవరాలు పది నిమిషాల తర్వాత వచ్చింది. మూసలో అప్పటికే అంతా ఒక్క ముద్ద. పదీ ఇరవై అయిదుకు వెండి అద్దంలా మెరిసింది. అచ్చులో పోసేటప్పుడు దాని చెయ్యి కాలింది. కాలిన సంగతే పట్టించుకోలేదు. "వచ్చిందే అమ్మమ్మా, వచ్చింది" అని నా రెండు బుగ్గలూ బొగ్గు చేతుల్తో పట్టుకుంది.

నాలుగింటికి పది నిమిషాల ముందు గిన్నె కోసం వెతికింది.

"అమ్మమ్మా, గిన్నె ఎక్కడ పెట్టావ్?"

"ఏ గిన్నె?" అన్నాను. నాకు తెలుసు. తెలిసీ ఏ గిన్నె అన్నాను.

"బల్ల మీద బోర్లించాను చూడు, అది."

"దానికి గాట్లున్నాయి కదే."

అది అచ్చులోంచి వెండి బిళ్ళను చేతిలోకి తీసుకుంది. తర్వాత, "నువ్వు ఒక్క ముక్క మాట్లాడకు. తిత్తి కొట్టావ్, అంతే. నా మీద ఒట్టు" అంది.

ఆరూ పదికి ప్రదర్శనశాల పెద్దాయన మీ వాళ్ళను తీసుకుని వచ్చారు. గిన్నెను తానే కరిగించానని మనవరాలు చెప్పింది. ఆయన నమ్మలేదు. "ఏళ్ళ తరబడి తానే కళ్ళలో పెట్టుకుని తుడిచిన గిన్నెని ఎవరమ్మా చేజేతులా కరిగించుకునేది? ఎవరికి అమ్మావో చెప్పు" అన్నారు. దాన్ని దొంగ అన్నారు. వెండి బిళ్ళతో, నోటుబుక్కుతో సహా దాన్ని మీ వాళ్ళు ఇక్కడికి తీసుకొచ్చారు. నేను నీళ్ళ బకెట్ల పక్కన నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. మంగళవారం మెదపలేదు, బుధవారం మెదపలేదు. గిన్నె కరిగించినదానికంటే ఇదే పెద్ద తప్పు. బకెట్లలో నీళ్ళు అలాగే ఉన్నాయి, పారబొయ్యబుద్ధి కాలేదు.

ఈ రోజు తొమ్మిదో తారీఖు గురువారం. ఉదయం ఆ వెలిగారం డబ్బా వెతికి, చుట్టును చేతిగుడ్డలో ముడి వేసుకుని, పదకొండింటికి ఇక్కడికి వచ్చాను. బల్ల మీద పెట్టాను. అధికారి ప్రదర్శనశాల ఫోటో పక్కన పెట్టి చూశారు. గాట్లు సరిపోయాయి, ఒక పక్క సొట్ట కూడా సరిపోయింది. ఉలి దెబ్బలు మూడూ లెక్కపెట్టుకోమన్నాను.

గిన్నె ఎక్కడికీ పోలేదు, ఎవరికీ అమ్మలేదు. మీ బీరువాలో ఉన్న వెండి బిళ్ళలోనే ఉంది. వేసింది నేను. నా మనవరాలికి గాట్ల సంగతి తెలియదు. దాని నోటుబుక్కు మీ దగ్గరే ఉంది, గిన్నె బొమ్మ తీసి చూడండి. రెండు గీతలు గీసి, పక్కన "కారణం తెలియదు" అని రాసుకుంది. దానికి తెలియదు. తెలిసినదాన్ని నేను. దాని మీద ఒట్టు తప్పాను, అదీ రాయమన్నాను.

రాసినదంతా రాసే అమ్మాయి దగ్గుతూనే చదివి వినిపించింది. ఉలి అనడానికి బదులు కత్తి అని రాస్తే ఆపి దిద్దించాను. ఇందులో నేను చూడనిదీ చేయనిదీ ఒక్కటీ లేదు, ఒకరు చెప్పమంటే చెప్పిందీ కాదు. సంతకం వచ్చు గానీ పెట్టి ఏళ్ళయింది, అందుకని ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను. నిప్పుకు కాలి కాలి ఆ వేలి గీతలు అరిగిపోయాయి. మొదటి రెండు ముద్రలు మసిలా పడ్డాయి, మూడోది ఇది.

మనవరాలిని ఎప్పుడు చూడనిస్తారని అడిగాను. ఈ కాగితం పైకి వెళ్ళాక నేను లోపల ఉంటానో, అది లోపల ఉంటుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఎవరు ఎవర్ని చూడడానికి వచ్చినా తేదీ మాత్రం ఒక్కటేనన్నారు: పదిహేనో తారీఖు, బుధవారం, ఉదయం పదిన్నర.